అప్రస్తుత ప్రసంగంలో ఫెయిలైన ఏఈ గారు

మా చిన్న వంతెనల శాఖ పేరు మీరు విని ఉండరు. పెద్ద వంతెనలకు వేరే శాఖ ఉంది. వాటికి ప్రారంభోత్సవాలుంటాయి, రిబ్బన్లుంటాయి, పేపర్లో ఫొటోలుంటాయి. మావి రోడ్డు కింద ఉండే తూములు. అవి బాగున్నంతకాలం ఎవరికీ గుర్తుండవు, కుంగితే మాత్రం ఊరంతా మా పేరే చెప్పుకుంటుంది. గెడ్డవలసలోని మా ప్రాంతీయ కార్యాలయానికి నేను సూపరింటెండెంటుని. పేరు వడ్లమాని కామేశం. నన్ను మాటకారి అంటారు, నేనెప్పుడూ కాదనలేదు.

నిరుడు ప్రభుత్వం ప్రతి కార్యాలయానికీ ఒక మాట్లాడే యంత్రాన్ని పంపింది. దానికి 'వారధి' అని పేరు పెట్టారు. మా వీధి తూము పూడిపోయిందని ఎవరైనా అర్జీ పెట్టుకుంటే అది చక్కటి తెలుగులో, ఎంతో ఆప్యాయంగా జవాబు రాసేది. తూము బాగుపడకపోయినా జనం ఆ జవాబు చదువుకుని తృప్తి పడేవారు. ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారైతే దాన్ని ఫ్రేము కట్టించి, రాసినవారు నిండు నూరేళ్లు బతకాలని దీవించి వెళ్లారు. అంతవరకూ బాగానే ఉంది. ఇంతలో పైనెవరికో సందేహం వచ్చింది: ఆఫీసులో ఉద్యోగి ఎవరు, యంత్రం ఎవరు? ఇకమీదట ప్రజలకు మనుషులే జవాబివ్వాలని, తమ సిబ్బంది మనుషులేనని ప్రతి ఆఫీసూ ముందుగా రుజువు చేసుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఏ రాత యంత్రానిదో, ఏది మనిషిదో తేల్చే పరికరమొకటి ఆ వెనకే వచ్చింది.

మేం ధైర్యంగా మా పాత ఉత్తరాలన్నీ దానికి పెట్టాం. 'తమరు సూచించిన విషయము పరిశీలనలో ఉన్నదని తెలియజేయుటకు ఆదేశింపబడితిని' అన్న వాక్యం చూడగానే అది ఎర్రదీపం వెలిగించింది. ఇది నిస్సందేహంగా యంత్రం రాసిందేనంది. ఆ వాక్యం గెడ్డవలసకు కరెంటు రాకముందు రాసింది. పాత ఫైళ్లన్నీ తిప్పి చూసుకున్నాక తేలిందేమిటంటే, దొరల కాలం నుంచీ మా ఆఫీసులో మనిషన్నవాడు పనిచేసిన దాఖలా లేదు.

ఈ చిక్కు విప్పినవారు మా కమిషనర్ ముక్తేశ్వర ప్రసాద్ గారు. ఆయన వయసులో ఉన్నప్పుడు అవధాన సభల్లో అప్రస్తుత ప్రసంగం చేసేవారు. అవధాని గారు నిషిద్ధాక్షరితో ఒకపక్క, సమస్యతో ఇంకోపక్క సతమతమవుతూ పద్యం అందుకోబోయే సమయానికి, 'అవధాని గారూ, మీ ఇంట్లో మాడిన దోసె ఎవరి వాటా?' అని అడ్డుపడే బాధ్యత అది. ఆయన దాన్ని ఎంత నిష్ఠగా చేశారంటే, ఇద్దరు అవధానులు ఆ తరవాత వ్యవసాయంలోకి దిగారని చెప్పుకుంటారు. ఆ అనుభవమంతా రంగరించి కమిషనర్ గారు వీడియో సమావేశంలో ఇలా సెలవిచ్చారు:

"యంత్రము అడిగినదానికి చెప్పును. మానవుడు అడగనిదానికి చెప్పును. కావున ప్రస్తుత ప్రసంగము యంత్ర లక్షణమనియు, అప్రస్తుత ప్రసంగము మానవ లక్షణమనియు ఇందుమూలముగా నిర్ధారించడమైనది. సిబ్బంది యావన్మందికీ ఈ దిశగా పరీక్ష నిర్వహించబడును."

భోజనాల వేళ దాటిపోతోంది కనక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పరీక్ష మా మీటింగు హాల్లోనే జరిగింది. పైనుంచి వచ్చిన కమిటీ ఎదురుగా కూర్చుంది, కమిషనర్ గారు వీడియోలో ఉన్నారు. ముందు హెడ్ క్లర్కు సుభాషిణి గారిని పిలిచారు. నిరుడు ఎన్ని తూములు బాగుచేశారని కమిటీ అడిగింది. "తూములంటే గుర్తొచ్చింది" అని మొదలుపెట్టి ఆవిడ పెద్దమ్మాయి సీమంతంలోకి, అందులో వడ్డించిన పనసపొట్టు కూరలోకి, ఆ కూరకి ఆవ ఎప్పుడు పెట్టాలన్న దానిలోకి వెళ్లారు. పొట్టు సన్నగా కొట్టించకపోతే ఆవిడ వియ్యపురాలు పళ్లెం ముట్టదట. కమిటీ సభ్యుడొకాయన మార్కులు వేయడం మాని కూర రాసుకున్నాడు. ఆవిడకి డిస్టింక్షను వచ్చింది. నేను నా మోకాళ్ల దగ్గర బయల్దేరి మా తోడల్లుడి గృహప్రవేశం దాకా వెళ్లి, అక్కడే ఉండిపోయాను. నాకు ఫస్టు క్లాసు. గుమాస్తాలు, డ్రైవర్లు, వాచ్‌మన్ అందరూ గట్టెక్కారు. మన జాతి మీద నాకెప్పుడూ నమ్మకమే.

చివరికి ఏఈ గారిని పిలిచారు. బెవర సన్యాసినాయుడు అనే ఈ అసిస్టెంట్ ఇంజనీరు నా ఎదురు సీటే. పొద్దున వచ్చి నమస్తే అంటాడు, సాయంత్రం వెళ్తూ వస్తానంటాడు. మధ్యలో ఊఁ అంటే ఆ రోజు కబుర్లు బాగా సాగినట్టు. నా సంగతులన్నీ ఆయనకు తెలుసు, ఆయన సంగతి నాకొక్కటీ తెలియదు. నేనెప్పుడూ అడగలేదు కూడా, నా సంగతులకే టైము చాలేది కాదు.

"మీ పరిధిలో తూములెన్ని?" అన్నారు కమిషనర్ గారు.

"నలభై రెండండి."

కమిటీ ఎదురుచూసింది.

"తరవాత?"

"నలభై రెండేనండి."

కమిషనర్ గారు దయగల మనిషి. ఆ తూములతో ముడిపడిన జ్ఞాపకాలేమైనా ఉంటే చెప్పమన్నారు, అవీ లేకపోతే అత్తవారి ఊరి విశేషాలైనా చెప్పమన్నారు. నాయుడు కాసేపు ఆలోచించి, అత్తవారిది పాలకొండ అన్నాడు. పాలకొండలో విశేషాలేమిటంటే, మామగారు అన్నాడు. అంతే. ఏఈ గారు యంత్రమని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

తీర్మానమయ్యాక అమలు తప్పదు కదా. నాయుడి పేరు సిబ్బంది జాబితాలోంచి సామగ్రి జాబితాలోకి మారింది. యంత్రానికి జీతం ఉండదు కనక జీతం ఆపి, ఏటా ఒకసారి నూనె వేయించడానికి అనుమతిచ్చారు. కుర్చీ మనుషులకు ఉద్దేశించినది కనక వెనక్కి తీసుకుని, నిబంధన ప్రకారం ఆయన్ని బల్ల మీద, వారధి పక్కన కూర్చోబెట్టారు. దుమ్ము పడకుండా నీలం గుడ్డతో తొడుగు కుట్టించారు. వేసవి కదా, ముఖం దగ్గర కాస్త కత్తిరించమని నేనే చెప్పాను. ఆఫీసు వస్తువు సాయంత్రం బయటికి వెళ్లాలంటే గేటు పాసు కావాలి కాబట్టి, ఆయన భార్య గౌరీశ్వరి రోజూ వచ్చి 'పై వస్తువును రేపు ఉదయము యథాస్థితిలో తిరిగి అప్పగించగలను' అని సంతకం పెట్టి మొగుణ్ణి తీసుకెళ్లేది.

నాయుడు ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన మీదున్న అభియోగం కనక దాన్ని మరో సాక్ష్యం కింద జతచేశారు.

పనిచేయని యంత్రం గురించి తయారీదారుకి తెలియజేయాలన్నది ఇంకో నిబంధన. మావాళ్లిద్దరు జీపులో వెళ్లి నాయుడి తల్లి పైడితల్లమ్మ గారిని కలిశారు. ఆవిడ వాళ్లకు మజ్జిగిచ్చి, కొడుకు యంత్రమట అంటే ఆట్టే ఆశ్చర్యపోకుండా చెప్పిందట: "పుట్టినకాడ్నించీ ఆడింతే బావు. ఆకలేసినా ఏడ్సీవోడు కాదు. ముకం సూసి నానే తెలుసుకునీదాన్ని." తయారీలోనే లోపమున్నది, వారంటీ గడువు ముగిసినది అని రాసుకుని మావాళ్లు తిరిగొచ్చారు.

ఇక వారధి సంగతి. పక్షపాతం ఉండకూడదని దానికీ పరీక్ష పెట్టారు. మొదటిసారి నాయుడిలాగే తప్పింది, ఎందుకంటే అడిగినదానికి అడిగినట్టే చెప్పింది. దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్లు పరువు పోయిందనుకుని, రాష్ట్రమంతటా మేమిచ్చిన అప్రస్తుత ప్రసంగాల రికార్డింగులన్నీ దానికి వినిపించారు. ఆ తరవాత నేను చూస్తుండగానే ఒక రైతు వచ్చి తన పొలం దారిలో తూము ఎప్పుడేస్తారని అడిగాడు. వారధి పెద్దగా నిట్టూర్చింది. "తూముకేముంది లెండి, ఇవాళ కాకపోతే రేపు. ఈ ఎడమ మోకాలుంది చూశారూ..." అని అందుకుంది.

అది నా మోకాలు. నేను రాసే నూనె, నేను నొప్పి చెప్పుకునేటప్పుడు ఆగే చోటు, ఆగి తల ఊపే తీరు, అన్నీ నావే. మొదట గర్వంగా అనిపించింది. కాసేపటికి కొంచెం ఇబ్బందిగా కూడా అనిపించింది, ఎందుకంటే అది నాకంటే బాగా చెబుతోంది. ఇంటికెళ్లి నా నొప్పి నేను చెప్పుకోబోతే, ఎక్కడో విన్న మాటలు అప్పజెబుతున్నట్టుంది. ఆ మాటకొస్తే ఆ నిట్టూర్పు మా మేనమామది. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో ఏమో.

రెండోసారి పరీక్షలో వారధి రాష్ట్రంలోకెల్లా ఫస్టు వచ్చింది. మనిషిగా ధ్రువీకరణ ఇచ్చి, నాయుడి వల్ల ఖాళీ అయిన ఏఈ పోస్టులో దాన్ని నియమించారు. నాయుడి కుర్చీ దానికిచ్చారు. ఉద్యోగుల సంఘంవాళ్లు సభ్యత్వమిచ్చి, తెర మీద శాలువా కప్పి సన్మానం చేశారు. అది పెద్దమ్మాయి సీమంతం తలుచుకుని కృతజ్ఞతలు చెబుతూ ఉంటే సభలో కళ్లు తుడుచుకోనివాళ్లు లేరు. మర్నాడు మోకాలి నొప్పికని సెలవు పెట్టింది. ఆ రోజు ఆఫీసులో ఏ పనీ జరగలేదు.

జనం గురించి కూడా చెప్పాలి. వాళ్లు చాలా సంతోషంగా ఉన్నారు. తూము కోసం వచ్చినవాళ్లు వరండాలో కూర్చుని తమ మోకాళ్ల గురించి చెప్పుకుని, మరమరాలు పంచుకుని, మళ్లీ రేపొస్తామని వెళ్లేవారు. ప్రజల సంతృప్తిలో మా ఆఫీసు ముందు వరసలో నిలిచింది. తూములన్నీ పూడిపోయాయి గానీ వాటి గురించి ఎవరూ అడగలేదు.

అంతా ఇలా కళకళలాడుతుండగా హెడ్డాఫీసు నుంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది. పనికిరాని సామగ్రిని నెలాఖరుకల్లా లారీలో కేంద్ర గోదాముకి తరలించాలి. అక్కడికి వెళ్లినవి ముక్కలుగా తప్ప బయటికి రావని మాకందరికీ తెలుసు. జాబితాలో విరిగిన టైపు మిషన్లు రెండు, ఫ్యాను ఒకటి, బెవర సన్యాసినాయుడు ఒకటి.

ఆ సాయంత్రం గౌరీశ్వరి గేటు పాసు మీద సంతకం పెట్టకుండా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఆవిడ మామూలుగా గలగలా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించింది. "మా ఆయన్ని లారీ ఎక్కించేస్తారట గదండీ. రోజూ సంతకం ఎట్టి తీసుకెల్తన్నాను, ఆఫీసోల్ల సరదా కాబోలనుకున్నాను. మాటాడనోడు మనిసి కాడేటండీ? మీరు ఎదురుగుండా కూకుని ఇన్నేల్లు సూసినారు, మీకూ తెలీదా?"

నాకు తెలీదు. ఆ మాట ఆవిడతో అనలేక, అప్పీలుకి అవకాశం ఉందని చెప్పాను.

అప్పీలు కోసం నాయుడికి నేనే స్వయంగా శిక్షణ ఇచ్చాను. దారిలో పోతూ కుక్కపిల్ల కనబడితే దాని వెంట వెళ్లిపోవాలి, అదీ సూత్రం అని చెప్పాను. ఆయన ఊఁ అన్నాడు. అలా ఊఁ అనకుండా కుక్కపిల్ల రంగు చెప్పమన్నాను. తెలుపు అన్నాడు. లాభం లేదని గౌరీశ్వరి సుభాషిణి గారి పనసపొట్టు కూర మొత్తం ఆయన చేత కంఠస్థం చేయించింది. నాయుడికి అది ఇష్టం లేదని ఆవిడే నాతో చెప్పింది. ఆయన అన్నాడా అని అడిగితే, అనడమెందుకు అంది.

అప్పీలు వినడానికి కమిషనర్ గారు స్వయంగా విచ్చేశారు. మనిషిగా కొత్త ఉత్సాహంతో ఉన్న వారధి ఇప్పుడు కమిటీ సభ్యుడు. నాయుడి తొడుగు తీసి ఎదురుగా నిలబెట్టారు. లారీ అప్పటికే గేటు దగ్గరుంది, టైపు మిషన్లు ఎక్కించేశారు. కమిషనర్ గారు గొంతు సవరించుకుని, ఊరి చివర పారే గెడ్డ మీద కొత్త తూము ఎప్పటికి పూర్తవుతుందని అడిగారు.

నాయుడు కంఠస్థం చేసింది అందుకోబోయాడు. "పనసపొట్టు... సన్నగా... కొట్టించాలండి" అన్నాడు. ఆవ దాకా రాలేకపోయాడు.

ఈ వాక్యం సుభాషిణి గారి ప్రసంగం నుంచి యథాతథంగా ఎత్తినదని, ఇతరుల మాటలు తనవిగా చెప్పుకోవడం యంత్రాల లక్షణమని, ఒక మనిషిగా తన మనసు ఎంతో నొచ్చుకుందని వారధి అంది. అప్పీలు కొట్టేశారు.

"అప్పీలుదారు చివరగా విన్నవించుకొనునది ఏమైనా కలదా?" అన్నారు కమిషనర్ గారు.

నాయుడు తల తిప్పి భార్య వైపు చూశాడు.

"అలా సూడకండి" అంది గౌరీశ్వరి. "ఒద్దనే అన్నారు మీరు, నానే కంఠతా ఎట్టించినాను. నాదే తప్పు."

నాయుడు కళ్లు దించుకున్నాడు.

"పిల్లదాని సదువు నాను సూసుకుంతాను, దాని గురించి మీకెందుకు బెంగ? మీయమ్మకి నానేటీ సెప్పను. జీపెట్టుకుని ఎల్లినోల్లే సెప్తారు, తప్పదు."

ఆయన కుడిచెయ్యి కొద్దిగా కదిలింది, అంతే.

"ఆ మాట మాత్తరం అనకండి" అంది ఆవిడ. "నన్ను ఇంటికెల్లిపొమ్మంటారేటి? లారీ ఎక్కితే ఇద్దరం ఎక్కుతాం."

నాయుడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల సర్వీసులో ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే నేను మధ్యలో దూరకుండా ఉన్నది ఆ రోజే. ఏడుపొచ్చింది, నిజం చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

కమిషనర్ గారు గ్రాంథికం మరిచిపోయారు. "ఆయన ఏమీ అనలేదు కదమ్మా" అన్నారు.

"ఇంతసేపూ అన్నారు గదండీ. మీరు ఇన్లేదేటి?"

కమిషనర్ గారు చాలాసేపు నాయుడి వంకే చూశారు. అవధానాల్లో ఎందరి మాటకో అడ్డుపడిన మనిషికి మౌనానికి ఎలా అడ్డుపడాలో తోచలేదు. చివరికి వారధి వైపు తిరిగి, తమరు కూడా ఈ విధంగా మౌనం వహించగలరా అని అడిగారు.

"తప్పకుండా" అంది వారధి. "మౌనం చాలా లోతైన విషయం. మౌనంలో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. మా పెద్దమ్మాయి సీమంతంలో..."

ఆపమన్నారు. ఆపింది. అందరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. అది ఏమంటోందో ఎవరికీ తెలియలేదు. కాసేపటికి సుభాషిణి గారు, కరెంటు పోయినట్టుందే అన్నారు.

నాయుడు ఆ పూటే మనిషయ్యాడు. లారీ టైపు మిషన్లతో వెళ్లిపోయింది. వారధిని పక్కకు జరిపి ఆయన తన కుర్చీలో తను కూర్చుని గెడ్డ ఫైలు తెరిచాడు. నేను అభినందించాను. ఊఁ అన్నాడు.

ఇక్కడితో ఆగితే అది శాఖ ఎందుకవుతుంది? వారం తిరక్కుండా కమిషనర్ గారి సవరణ ఉత్తర్వు వచ్చింది. అప్రస్తుత ప్రసంగము రద్దు చేయబడినది. ఇకమీదట మౌనమే మానవ లక్షణము. ప్రతి ఉద్యోగియు కమిటీ ఎదుట మౌనము వహించవలెను. సదరు మౌనమున ఉద్యోగి ఏమనుచున్నాడో చెప్పగల సాక్షిని ఒకరిని వెంట తీసుకొని రావలెను. కమిషనర్ గారికి మాత్రం మినహాయింపు ఉంది, ఆ సంగతి ఉత్తర్వు అడుగున రాసుకున్నారు.

ఆఫీసంతా సద్దుమణిగింది. వరండాలో జనం మరమరాలు కూడా చప్పుడు కాకుండా నమిలేవారు. సుభాషిణి గారు అత్తగారిని సాక్షిగా తెచ్చుకున్నారు. అత్తగారు కోడలి మౌనాన్ని పొల్లుపోకుండా చదివి వినిపించారు. ఆవిడ పాసయ్యారు గానీ ఆ రోజు నుంచి అత్తాకోడళ్లకు మాటల్లేవు. వారధికి సాక్షి దొరక్క, తనకో సంబంధం చూడమని ఉద్యోగుల సంఘానికి అర్జీ పెట్టుకుంది. సంఘంవాళ్లు జాతకం అడిగారు.

నా వంతు వచ్చింది. నా భార్య విశాలాక్షిని తీసుకెళ్లాను. నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని నాకప్పటిదాకా తెలియదు. ఆవిడ నన్ను ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"క్షమించండి" అంది కమిటీతో. "ఈయన మాట్లాడకుండా ఉండగా చూడటం నాకిదే మొదలు. నాకెలా తెలుస్తుంది?"

అందులో ఆవిడ తప్పేమీ లేదు. నేనిప్పుడు బల్ల మీద ఉంటున్నాను. అప్పీలుకి నెల గడువిచ్చారు. అభ్యాసం కోసం రోజూ సాయంత్రం ఇంట్లో వంటింటి గడప మీద కూర్చుని నోరు కట్టుకుంటున్నాను. మొదటి నాలుగు రోజులు విశాలాక్షి నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది. తరవాత గిన్నెలు తోముతూ తను మాట్లాడటం మొదలుపెట్టింది. పెళ్లికి ముందు తను వీణ నేర్చుకునేదట. మా తోడల్లుడి గృహప్రవేశం రోజున తనకు ఒంట్లో బాగాలేదట, నేను కబుర్లలో ఉన్నానని చెప్పలేదట. ఇవన్నీ నేనెప్పుడూ వినలేదు. వినడానికి నాకు తీరికెక్కడిది?

నిన్న ఆవిడ వీణ సంగతే ఏదో చెబుతూ మధ్యలో ఆగింది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నా వైపు చూసి, "అంత బాధెందుకండీ, ఇప్పుడైనా అడిగారు కదా" అంది.

నేనేమీ అనలేదు. అప్పీలు ఇంకో నెల వాయిదా వేయమని అడుగుదామనుకుంటున్నాను.